ఊపుడు కర్రలు

ఆ శనివారం పొద్దున్న పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, గడ్డం గీసుకోవాలి, తోడల్లుడి ఇంటికి వెళ్ళాలి, అత్తగారిని వెంటబెట్టుకుని భోజనం వేళకి ఇల్లు చేరాలి. లోకంలో అల్లుళ్ళందరూ అత్తగారు ఎప్పుడు బయల్దేరుతుందా అని క్యాలెండరు వంక చూస్తారు. ఎప్పుడు వస్తుందా అని చూసే అల్లుడు బహుశా ఇతనొక్కడే. అలాగని ఇతనేదో మహానుభావుడని అనుకోవద్దు. అతని కారణం అతనికుంది.

అతను విమానాశ్రయంలో పనిచేస్తాడు. విమానం నేల మీదికి దిగి, తన చోటు ఎక్కడో తెలియక మెల్లగా వస్తుంటే, దాని ముక్కుకి ఎదురుగా నిలబడి, వెలిగే కర్రలు రెండు చేతుల్లో పట్టుకుని ఇటు రా, ఇంకా రా, ఆగు అని సైగలు చేసే ఉద్యోగం. అంత పెద్ద విమానమూ అతని చేతుల వంక చూసి పిల్లిలా ఆగుతుంది. ఇంట్లో మాత్రం మంచినీళ్ళ గ్లాసు కావాలన్నా రెండుసార్లు పిలవాలి. విమానాల కబుర్లు భార్య పెళ్ళైన కొత్తలో విన్నది. కూతురు మాటలు రాని వయసులో విన్నది. ఇప్పుడు వినే మనిషి అత్తగారు ఒక్కరే.

ఆవిడ బడిలో డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యారు. ఈల వేసినా ఆగని పిల్లలతో జీవితమంతా వేగిన మనిషి కాబట్టి, చెయ్యెత్తితే విమానం ఆగుతుందంటే ఆవిడకి ఎంతో గౌరవం. సాయంత్రం అతను చెప్పులు విప్పుతుండగానే "ఇవాళ ఏ విమానం మొండికేసింది బాబూ?" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్న కోసం అతను రోజంతా ఎండలో నిలబడేవాడు. వినే మనిషి ఒక్కరే అయినప్పుడు చెప్పేవాడు కాస్త పెంచి చెప్పడం సహజం. అతని కథల్లో ఆ కర్రలు పెరిగి పెరిగి గదలంత అయ్యాయి. ఆఫీసు వస్తువులు ఇంటికి తేకూడదు కనక ఆవిడ వాటిని ఎన్నడూ చూడలేదు. అది అతని అదృష్టం.

ఆవిడ ఒక నెల ఇక్కడ, ఒక నెల చిన్నకూతురి ఇంట్లో ఉండటం ఆనవాయితీ. ఈసారి అక్కడి నెల ఎప్పుడో అయిపోయినా ఆవిడ కదల్లేదు. కారణం, సోఫాల షాపులో మేనేజరుగా పనిచేసే చిన్నల్లుడు తన ఇంటి వీడియో గేముకి మోషన్ కంట్రోలర్లు కొనడం. చేతిలో పట్టుకుని ఊపితే తెర మీది బొమ్మ కూడా అలాగే ఊపుతుంది. టెన్నిస్ ఆడొచ్చు. డ్రిల్లు టీచరుకి ఇంకేం కావాలి?

అవి కొన్న రోజున అందరూ చుట్టూ చేరి మెచ్చుకుంటుంటే పెద్దల్లుడి కడుపు భగ్గుమంది. మంట మింగి నవ్వు తెచ్చుకుని, "పగలంతా జీతానికి కర్రలు ఊపుతాను. ఇంటికొచ్చి ఉత్తినే ఊపడానికి నాకేమన్నా పిచ్చా? మీ ఊపుడు కర్రలు మీరే ఊపుకోండి తమ్ముడూ" అన్నాడు. అందరూ పగలబడి నవ్వారు. అతని జీవితంలో జనం గుర్తుపెట్టుకున్న జోకు అదొక్కటే. దాంతో అతని ఇంట్లోనూ అదే వీడియో గేము ఉన్నా, ఆ కంట్రోలర్లు కొనే దారి మాత్రం తన చేతులతో తనే మూసుకున్నట్టయింది.

"బయల్దేరుతున్నాను, అత్తయ్యని సిద్ధంగా ఉండమని చెప్పు" అన్నాడు భార్యతో, గడ్డానికి నురగ పట్టిస్తూ.

భార్య చెల్లెలికి ఫోను చేసింది. ఫోనులోంచి టప్, టప్ అని బంతి చప్పుడు, మధ్యలో చిన్నల్లుడి ఆయాసం, ఆ తర్వాత అత్తగారి గొంతు వినిపించాయి.

"ఇవాళ కుదర్దే. సెమీఫైనల్ ఉంది. అల్లుణ్ణి వచ్చే వారం రమ్మను. మీకు ఆ కర్రలు లేవుగా, వచ్చి గోడలు చూస్తూ కూర్చోనా?"

పెద్దల్లుడు అద్దంలో చూసుకున్నాడు. నురగ వెనక మొహం ఎర్రగా ఉంది.

"నేనేం బాధపడటం లేదు" అన్నాడు.

"మిమ్మల్ని ఎవరడిగారు?" అంది భార్య. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. నొప్పి లేదన్న వాళ్ళ బుగ్గే ముందు వాస్తుందని ఆవిడకి అనుభవం. "కావాలంటే కొనుక్కోండి. ఆ జోకు ఒక్కటి వెనక్కి తీసుకుంటే సరిపోతుంది."

"నాకోసమా? పిల్లకి వ్యాయామం ఉంటుందని ఆలోచిస్తున్నాను."

పిల్ల సోఫాలో వెల్లకిలా పడుకుని, మామూలు కంట్రోలరుతో అదే టెన్నిస్ ఆట ఆడుతోంది. తల తిప్పకుండానే, "నాకు బొటనవేళ్ళు చాలు నాన్నా. అయినా వాటికి టీవీ ముందు బోలెడు ఖాళీ కావాలి. మన హాల్లో ఊపితే బల్బు పగులుతుంది" అంది.

అది పద్ధతైన మాట అనిపించింది భార్యకి. "సరే, ఏదీ పగలకుండా ఈ హాల్లో చేతులు ఊపి చూపించండి. ఖాళీ సరిపోతే కొందాం. సరిపోకపోతే ఈ గోల ఇంతటితో సరి" అని తీర్పు చెప్పి వంటింట్లోకి వెళ్ళింది.

ఊపి చూడటానికి చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా. ముందు రోజు ఒక కర్ర స్విచ్చి వదులైందని, బాగు చేయించే ఉద్దేశంతో, రూలు తప్పి రెండింటినీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. మొహం మీది నురగ తుడుచుకుని, వాటిని తీసి వెలిగించాడు. నారింజ రంగులో వెలిగాయి. గద మాట అటుంచి, అవి గరిటె కంటే కాస్త పొడుగు, అంతే. హాలు మధ్యలో నిలబడి కుడిచెయ్యి విసిరాడు. కర్ర తెరకి తగిలింది. ఎడమచెయ్యి విసిరాడు. సోఫా వీపుకి తగిలింది.

అడ్డం సోఫాదే అని తేలింది. అది బాల్కనీలోకి పోతే హాలు మైదానమే. "లే అమ్మా" అని కూతుర్ని నేల మీదికి దింపి, కర్రలు నడుంలో దోపుకుని, సోఫాని నిలబెట్టి, బాల్కనీ గుమ్మంలోంచి తను ముందు వెళ్ళి దాన్ని వెనక్కి లాగాడు. సగం వచ్చింది. ఇంకా లాగాడు. ఇంకొంచెం వచ్చి గుమ్మంలో బిగుసుకుపోయింది. తోస్తే లోపలికి పోదు, లాగితే బయటికి రాదు. ఇప్పుడు హాలు ఖాళీ అయింది కానీ, ఆడవలసిన మనిషి బాల్కనీలో ఇరుక్కుపోయాడు.

"ఏమండీ, ఏం పగలలేదుగా?" అని వంటింట్లోంచి కేక వచ్చింది.

"ఏం పగలలేదు" అన్నాడు. అది నిజమే. భార్యని సాయం పిలిస్తే తీర్పు తనకి వ్యతిరేకంగా వస్తుంది. కాసేపాగి తనే ఏదో చెయ్యొచ్చని, ఈలోగా వృథాగా నిలబడటం ఎందుకని, సాధన మొదలుపెట్టాడు. మనసులో ఎదురుగా తోడల్లుడు నిలబడి ఉన్నాడు. ఆ తోడల్లుడి వైపు బంతిని కింది నుంచి పైకి లేపి కొట్టాడు. మళ్ళీ లేపి కొట్టాడు. అత్తగారు చప్పట్లు కొడుతున్నారు. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, కుడిచేతికి తోడు ఎడమచెయ్యి కూడా దానంతటదే లేవడం మొదలుపెట్టింది. రెండు కర్రలూ నడుం దగ్గర్నుంచి తల మీదికి, తల మీది నుంచి నడుం దగ్గరికి. విమానాశ్రయంలో దాని అర్థం ఒక్కటే: రా, నేరుగా రా, ఇంకా రా.

సరిగ్గా అప్పుడే కింది వాటాలో ఉండే టైలరు కొన్న కొత్త సోఫాని దింపడానికి లారీ ఒకటి ఆ సందులోకి వెనక్కి వస్తోంది. అది చిన్నల్లుడి షాపు లారీ. ఎలా రావాలో చెప్పేవాళ్ళు లేక డ్రైవరు తల బయటికి పెట్టి వెనక్కి చూశాడు. పైన బాల్కనీలో ఎవరో పెద్దమనిషి, వెలిగే కర్రలు పట్టుకుని మరీ శ్రద్ధగా రమ్మంటున్నాడు. ఇంత మర్యాద డ్రైవరుకి ఏ వీధిలోనూ జరగలేదు. ఆనందంగా వెనక్కి వచ్చాడు. పైనాయన ఇంకా రమ్మన్నాడు. ఇంకా వచ్చాడు.

ఒక అద్భుతమైన షాటు కొట్టి, దాని అందం చూసుకోవడానికి కళ్ళు దించిన పెద్దల్లుడికి లారీ వెనక భాగం గేటు దాటి, గోడ మీదికి వస్తూ కనిపించింది. పనిమంతుడు పనిమంతుడే. క్షణం తడబడకుండా రెండు చేతులూ తలపైకెత్తి, కర్రలు రెండూ అడ్డంగా కలిపి పట్టుకున్నాడు. ఆ సైగకి ఎంత పెద్ద విమానమైనా నిలువునా ఆగాలి. లారీ డ్రైవరుకి మాత్రం అది ఎవరో సంతోషం పట్టలేక చేతులు జోడించినట్టు కనిపించింది. తనూ ఒక చెయ్యెత్తి నమస్కారం పెట్టి, రెండో చేత్తో స్టీరింగు తిప్పాడు. పెద్దల్లుడు కర్రల్ని ఇంకా గట్టిగా అడ్డం పెట్టాడు.

"ఆపు" అని అరిస్తే సరిపోయేది. ఆ మాట అతనికి తట్టలేదు. ఇంజన్ల హోరులో నోటికి పని ఉండదు. ఉద్యోగంలో చేరింది మొదలు ఇంతవరకూ ఏ బండినీ అతను నోటితో ఆపి ఎరగడు.

లారీ గోడని కొట్టింది. గోడ బాగానే ఉంది. గోడ వెంబడి పైకి పోయే నీళ్ళ పైపు మాత్రం విరిగి, నీళ్ళు ఫౌంటెనులా లేచి, లారీలో అట్ట విప్పి ఉంచిన కొత్త సోఫా మీద కురిశాయి.

టైలరు మెడలో టేపుతో పరిగెత్తుకొచ్చాడు. "అయ్యో నా సోఫా! ఇంకా కూర్చోనైనా లేదే!"

"నాదేం తప్పు లేదండీ. ఆ పైన సారే పిలిచారు. కర్రలు కూడా వెలిగించి మరీ పిలిచారు" అన్నాడు డ్రైవరు, తడిసిన చొక్కా పిండుకుంటూ.

టైలరు తలెత్తి చూశాడు. పెద్దల్లుడు ఇంకా చేతులు దించలేదు.

డ్రైవరు తన మేనేజరుకి ఫోను చేశాడు. మేనేజరంటే చిన్నల్లుడే. ఇల్లు రెండు వీధుల అవతలే కావడంతో, కారు చప్పుడు అయిదు నిమిషాల్లో వినిపించింది. ముందు చిన్నల్లుడు దిగాడు. వెనక తలుపు తీసుకుని అత్తగారు దిగారు. సెమీఫైనల్ మధ్యలో ఆట ఆపి వచ్చిన కోపం ఆవిడ మొహంలో ఉంది, కంట్రోలరు మణికట్టుకి వేలాడుతూ ఉంది.

"ఏంటన్నయ్యగారూ ఇది? నా లారీని పిలిచి గోడకి కొట్టించాల్సినంత పగ నేనేం పెట్టుకున్నాను మీతో?" అన్నాడు చిన్నల్లుడు, నడుం మీద చేతులు పెట్టుకుని పైకి చూస్తూ.

పెద్దల్లుడు నోరు తెరిచాడు. ఏం చెప్పాలి? ఊపుడు కర్రల మీద అంత జోకు వేసినవాడు, సొంత కర్రలతో బాల్కనీలో ఉత్తుత్తి టెన్నిస్ ఆడుతున్నానని ఆ నోటితోనే ఎలా చెప్పాలి? ఈలోగా అత్తగారు కళ్ళజోడు సర్దుకుని పైకి చూశారు. చేతుల్లో వెలుగుతున్న కర్రలు చూశారు. ఆ మొహం విచ్చుకుంది.

"ఓయమ్మా! నువ్వు కూడా కొన్నావా బాబూ?"

ఎన్నాళ్ళయింది ఆవిడ తన వంక అలా చూసి! పెద్దల్లుడి గొంతులోంచి, అతని ప్రమేయం లేకుండా, "అవునత్తయ్యా" అనే మాట వచ్చేసింది.

సోఫాకి అటు పక్కన, హాల్లో నిలబడి ఇదంతా వింటున్న భార్య నెత్తి కొట్టుకుంది. కూతురు మాత్రం మొదటిసారి ఆట ఆపి తండ్రి వంక ఆసక్తిగా చూసింది.

"ఇక్కడ పెట్టుకుని అక్కడెందుకు ఉంటాను? నా సంచి పంపించు బాబూ" అని చిన్నల్లుడితో చెప్పి అత్తగారు మెట్లెక్కేశారు. చిన్నల్లుడు టైలరుకి వేరే సోఫా పంపిస్తానని మాటిచ్చి, పైపుకి గుడ్డ కట్టించి, వెనకే ఎక్కాడు. గుమ్మంలో బిగుసుకున్న సోఫాని ఒక్కసారి చూసి, కింద చెయ్యి పెట్టి, కొంచెం ఎత్తి, కొంచెం వాల్చి, అలవోకగా లోపలికి తెచ్చి, దారికి అడ్డం లేకుండా వెనక గోడకి ఆనించేశాడు. చివరికి తన ఇంటి సోఫా కూడా తోడల్లుడి మాటే విన్నందుకు పెద్దల్లుడి కడుపులో ఇంకో పుల్ల అంటుకుంది.

"ఏదీ, ఇలా ఇవ్వు" అని అత్తగారు కర్ర అందుకున్నారు. తన కంట్రోలరు విప్పి పక్కన పెట్టారు. "అబ్బో, ఎంత బరువుగా ఉందో! ఇదీ వస్తువంటే."

అది విమానానికి చూపించే కర్ర. ఊపితే తెర మీద ఈగ కూడా కదలదు. "అత్తయ్యా, ఛార్జింగు..." అని ఏదో గొణిగాడు పెద్దల్లుడు. ఆవిడ అప్పటికే కాలు ముందుకు పెట్టి, టీవీకి ఎదురుగా నిలబడ్డారు. అతను దిక్కులు చూశాడు. ఆ దిక్కుల్లో కూతురు కనిపించింది.

కూతురు సోఫాలో బుద్ధిగా కూర్చుని ఉంది. ఒళ్ళో దిండు ఉంది. దిండు కింద మామూలు కంట్రోలరు ఉంది.

అత్తగారు కర్ర విసిరారు. తెర మీది బొమ్మ సరిగ్గా ఆ క్షణానే బ్యాటు విసిరింది. బంతి దూసుకుపోయింది. ఆవిడ వెనక్కి తిరిగి విసిరారు, బొమ్మ కూడా తిరిగింది. ఆవిడ ఊపితే తగిలింది, ఊపకపోయినా తగిలింది, ఒకసారి తుమ్మితే కూడా తగిలింది. వరసగా రెండు సెట్లు గెలిచారు. ఆవిడ ఆయాసపడుతూ, "ఎన్నాళ్ళకి నా చెయ్యి నాకు తెలిసింది!" అన్నారు. తెర వైపే చూస్తున్న చిన్నల్లుడు కళ్ళలో నిప్పులు పోసుకున్నాడు.

"మావి మూడింట ఒక బంతి వదిలేస్తాయి. ఇవి ఒక్కటీ వదలట్లేదు. ఏ కంపెనీవి అన్నయ్యగారూ?"

"ఇవి షాపుల్లో దొరకవు తమ్ముడూ. మా ఆఫీసు వాళ్ళవి."

"అంటే ప్రొఫెషనల్స్ వాడేవా?"

"ప్రొఫెషనల్సే వాడతారు" అన్నాడు పెద్దల్లుడు. ఆ కర్రల గురించి ఆ పొద్దున్న అతను చెప్పిన మాటల్లో నిజాలు ఇవే.

చిన్నల్లుడు తన కంట్రోలరు తీసుకుని వెళ్తూ మెట్ల మీద ఆగాడు. గొంతు తగ్గించి, ఏడుపొక్కటే తక్కువగా అన్నాడు. "మీకేం అన్నయ్యగారూ, అదృష్టవంతులు. మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అత్తయ్యకి మీ విమానాలే. పెద్దల్లుడు చెయ్యెత్తితే ఆగుతుందట, పెద్దల్లుడి కర్రలు గదలంత ఉంటాయట. నా షాపు సంగతి ఒక్కసారి అడిగితే ఒట్టు. వినలేక ఆ కంట్రోలర్లు కొన్నాను. ఆడుతున్నంతసేపైనా మీ పేరు ఎత్తదని. ఇప్పుడు అవి కూడా మీవే బాగున్నాయి."

ఆ మాటలు పెద్దల్లుడి చెవుల్లో తేనెలా పడ్డాయి. తను కుళ్ళుకున్న ఇంట్లో తన పేరే మోగుతోందట! ఆ ఆనందంలో అతను సగం మాటలు విని, మిగతా సగం వదిలేశాడు. ఆ వదిలేసిన సగంలోనే అతనికి పనికొచ్చే మాట ఉంది.

అత్తగారు పడుకున్నాక భార్యాభర్తల మధ్య సమావేశం జరిగింది. కర్రలు సోమవారం ఆఫీసుకి వెళ్ళిపోవాలి. "ఇంక ఆలోచించడానికేం లేదు. వస్తువు కంటే ముందు అబద్ధం కొన్నారుగా, రేపు వెళ్ళి వస్తువు కూడా కొనండి" అంది భార్య. కొనాలా వద్దా అన్న చర్చ ఆ విధంగా ముగిసింది. "ఇంకోసారి దిండు కింద ఆడను నాన్నా, వేళ్ళు నొప్పులు పుడుతున్నాయి" అని కూతురు పక్క గదిలోంచి తన తీర్పు కూడా చెప్పింది.

ఆదివారం పొద్దున్నే అతను నిజమైన మోషన్ కంట్రోలర్లు కొనుక్కొచ్చాడు. "ఇవి కొత్త రకం అత్తయ్యా, తేలిగ్గా ఉంటాయి" అని చేతిలో పెట్టాడు. ఆవిడ ఆడారు. బంతి తగిలింది, తగల్లేదు, తగల్లేదు, తగిలింది. వస్తువులన్నీ ఎలా ఉంటాయో ఇదీ అలాగే ఉంది. కానీ నిన్న ఒక్క బంతీ వదలని మనిషికి ఆ సంగతి ఎవరు చెప్పాలి? చెబితే శనివారం కథంతా విప్పాలి. తప్పు వస్తువుది కాదని, తనదేనని ఆవిడ నిర్ణయించుకున్నారు.

"చెయ్యి పోయింది బాబూ. ఒక్క రాత్రిలో చెయ్యి పోయింది. సాధన చెయ్యాలి" అన్నారు. డ్రిల్లు టీచరు సాధన అంటే మాటలు కాదు. పొద్దున్న లేవగానే సాధన, భోజనం ముందు సాధన, భోజనం తర్వాత సాధన. కింది టైలరు, తన కొత్త సోఫాలో కూర్చుని, పైకప్పు వంక చూడటం నేర్చుకున్నాడు.

సోమవారం విమానాశ్రయంలో నిజంగా ఒక కథ జరిగింది. ఎక్కడి నుంచో ఒక కుక్క వచ్చి వస్తున్న విమానానికి ఎదురుగా కూర్చుంది. పెద్దల్లుడు కర్రలు అడ్డం పెట్టి విమానాన్ని ఆపాడు. కుక్క కూడా ఆ సైగకి తనే విమానమైనట్టు కదలకుండా ఉండిపోయింది. చివరికి దాన్ని ఇటు రా, ఇంకా రా అని సైగలతోనే పక్కకి తీసుకెళ్ళి పార్కు చేయాల్సొచ్చింది. పైలట్లు కిటికీలోంచి చప్పట్లు కొట్టారు. ఇందులో ఒక్క ముక్క పెంచి చెప్పనక్కర్లేదు. ఆ కథని పాలగిన్నెలా జాగ్రత్తగా ఇంటికి మోసుకొచ్చాడు.

చెప్పులు విప్పాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

"అత్తయ్యా, ఇవాళ ఏమైందో తెలుసా? ఒక కుక్క..."

"ఉండు బాబూ, సర్వీసు నాది."

"అది సరిగ్గా విమానం ముక్కు ముందు..."

"ఊఁ" అన్నారు ఆవిడ. అది కుక్క గురించి కాదు, బంతి పోయినందుకు.

కథ పూర్తిగా చెప్పాడు. ఎక్కడ నవ్వాలో అక్కడ ఆవిడ "ఛ" అన్నారు. ఎక్కడ ఆశ్చర్యపోవాలో అక్కడ "అవుట్" అన్నారు. తెర మీద అటూ ఇటూ ఎగిరే ఆ పసుపు చుక్కని చూస్తూ నిలబడ్డాడు పెద్దల్లుడు. ఇన్నాళ్ళూ తోడల్లుణ్ణి చూసి కుళ్ళుకున్నాడు. తోడల్లుడు కనీసం మనిషి. ఇప్పుడు ఒక బంతిని చూసి కుళ్ళుకోవాల్సిన గతి పట్టింది. అదీ తను కొని తెచ్చి పెట్టిన బంతిని.

కలిసి ఆడితే మాట కలుస్తుందేమోనని మర్నాడు రెండో కంట్రోలరు తను పట్టుకున్నాడు. బంతి వస్తుంటే అతని చేతులు వినయంగా పక్కకి జరిగి దానికి దారి చూపించాయి. మరీ జోరుగా వస్తే తలపైన అడ్డంగా కలిసి ఆగమన్నాయి. బంతి ఆగలేదు.

"నువ్వు బంతిని కొట్టడం లేదు బాబూ, ఊరేగిస్తున్నావు. పక్కన కూర్చో" అని ఆవిడ అతన్ని ఆటలోంచి బయటికి పంపేశారు.

అక్కడ చిన్నల్లుడు కూడా తక్కువ తినలేదు. ప్రొఫెషనల్ రకం కొనుక్కునే తొందరలో పాత కంట్రోలర్లని ఎక్స్ఛేంజికి ఇచ్చేశాడు. ఆ తర్వాత ఏ షాపుకి వెళ్ళి "విమానాల వాళ్ళు వాడేవి" అని అడిగినా, అక్కడివాళ్ళు ముందు నవ్వి, తర్వాత బొమ్మల విభాగానికి దారి చూపించారు. చివరికి ఏ కంట్రోలరూ లేకుండా ఇంటికి పోయి ఊరుకున్నాడు.

ఆ వారం తిరిగేసరికి అత్తగారికి భుజం పట్టేసింది. నూనె రాయించుకుంటూ పెద్దకూతురితో అన్నారు. "ఈ ఇంట్లో ఉంటే ఆ కర్ర చూస్తూ చెయ్యి ఊరుకోదే. కొన్నాళ్ళు నీ చెల్లెలింట్లో ఉంటాను. వాళ్ళ దగ్గర ఇప్పుడు ఆటలూ గీటలూ లేవట. ప్రశాంతంగా కూర్చుని నాలుగు మాటలు చెప్పుకోవచ్చు."

పెద్దల్లుడు ఆవిడని ఆటోలో, సంచితో సహా దింపి వచ్చాడు. దారిలో కుక్క కథ మళ్ళీ మొదలుపెట్టాడు కానీ, గుంతల కుదుపులకి ఆవిడ భుజం పట్టుకుని మూలుగుతుంటే ఆపేశాడు. మూడు రోజులు ఓపిక పట్టాడు. నాలుగో రోజు సాయంత్రం ఉండబట్టలేక ఫోను చేశాడు.

"అత్తయ్యా, భుజం ఎలా ఉంది? ఆ రోజు చెప్పబోయాను కదా, కుక్క..."

"ఒక్క నిమిషం ఆగు బాబూ. అల్లుడు సోఫాలో స్ప్రింగులు ఎలా బిగిస్తారో చెబుతున్నాడు. ఎంత బాగా చెబుతాడో! ఇన్నాళ్ళూ అడగనే లేదు నేను. మళ్ళీ చేస్తా."

వెనకాల చిన్నల్లుడి గొంతు వినిపించింది. సోఫాల గురించి మాట్లాడుతున్న గొంతు కాదది. ఎన్నాళ్ళగానో దాచుకున్నది చెప్పుకునే చోటు దొరికిన మనిషి గొంతు. పెద్దల్లుడికి ఆ గొంతు బాగా తెలుసు. ఒకప్పుడు అది తనదే.

ఆ రాత్రి నిద్రపట్టక దొర్లుతుంటే, మెట్ల మీద తోడల్లుడు చెప్పినదాంట్లో తను వదిలేసిన సగం అతనికి గుర్తొచ్చింది: ఆట సాగినంతసేపు ఆవిడ చెవికి ఎవరి కబుర్లూ ఎక్కవు. పొద్దున్నే లేచి మోషన్ కంట్రోలర్లు రెండూ శుభ్రంగా తుడిచి, వచ్చిన పెట్టెలోనే సర్ది, టేపు అంటించాడు. పైన రంగు కాగితం చుట్టాడు. "మా ప్రియమైన తమ్ముడికి, ప్రేమతో" అని భార్య చేత రాయించాడు. తోడల్లుడి మీద అతనికి అంత ప్రేమ పుట్టడం అదే మొదలు. "ఇంత త్యాగమా?" అంది భార్య. అతను పెట్టె ఆవిడ చేతికే ఇచ్చి పంపించాడు.

ఆ పెట్టెని తోడల్లుడు సాయంత్రానికల్లా, పైకాగితం విప్పి చూసి, టేపు కూడా తీయకుండా తిప్పి పంపేశాడు.